డిటెక్టివ్ నవలలు తప్ప ఇంకేం చదవలేకపోతున్నాను. వేరే రకం పుస్తకాలు ఎలా దొరకబుచ్చుకోవాలి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది ఇదండీ. పాలకొల్లు దగ్గర ఉంటున్నారు. ఇంటర్ రోజుల నుంచి అపరాధ పరిశోధన నవలలే చదివారు. ఇప్పుడు జానపద కథలు, ఆత్మకథలు, సృజన గురించిన పుస్తకాలు కూడా చదవాలనుంది. కానీ ‘తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు’ లాంటి జాబితాలు చూసి కొన్నవి పదో పేజీ దాటడం లేదు. ‘నాలోనే ఏదో లోపం ఉందేమో’ అని కూడా చివర్లో రాశారు.

లోపం ఏమీ లేదు. నేను కోనసీమలో కొన్నాళ్లు, ఏటికి ఇవతల మీ వైపు కొన్నాళ్లు, మొత్తం 31 ఏళ్లు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇదే మాట నా బల్ల ముందు నిలబడి అడిగినవాళ్లు చాలామంది. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతాను.

మీ రుచిని మార్చుకోవద్దు. ఆ డిటెక్టివ్ బుద్ధినే వెంటబెట్టుకుని పక్క బీరువా దగ్గరికి వెళ్లండి. ఆత్మకథల్ని సాక్షుల వాంగ్మూలాల్లా చదవండి. జానపద కథల్ని ఒకే కేసు మీద నలుగురు చెప్పిన నాలుగు మాటల్లా చదవండి. ఓపిక లేకపోతే ఇక్కడితో ఆపేసి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’ కథ, టంగుటూరి ప్రకాశం గారి ‘నా జీవిత యాత్ర’ మొదటి భాగం తెచ్చుకోండి. ఓపిక ఉంటే ఎందుకో చెబుతాను.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రిటైరైన ఆర్టీసీ కండక్టరు గారు రోజూ వచ్చేవారు. ఆయనకి కొమ్మూరి సాంబశివరావు గారి నవలలంటే ప్రాణం. డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు ఆయనకి సొంత మేనల్లుళ్ల లెక్క. మా దగ్గరున్నవన్నీ రెండేసిసార్లు చదివేశారు. నేనేమో కుర్రతనం కొద్దీ, ఈయన్ని ‘పైకి’ తీసుకురావాలని బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’ చేతిలో పెట్టాను. రెండో రోజునే తెచ్చి బల్ల మీద పెట్టి, ‘ఇరవై పేజీలు చూశానండీ, చివరికేం మిగిలేలా లేదండి’ అని వెళ్లిపోయారు. వారం రోజులు మళ్లీ కనపడలేదు. గొప్ప నవల, నాకు ఇష్టమైన నవల. కానీ ఆయన అడిగినదానికీ నేను ఇచ్చినదానికీ పొంతన లేదు. మీరు చూసే జాబితాలు చేసేదీ ఈ పనే. జాబితా రాసినవాడికి మీరెవరో తెలియదు. తను చదివినవాటిలో తనకు పేరు తెచ్చేవి రాస్తాడు.

కండక్టరు గారు తిరిగొచ్చాక ఈసారి ‘వడ్లగింజలు’ ఇచ్చాను. ఒక పేద బ్రాహ్మడు పెద్దాపురం సంస్థానానికి చదరంగం ఆడటానికి వెళ్లే కథ అది. హత్య లేదు, పోలీసు లేడు. కానీ దివాణంలోకి అడుగు పెట్టనిస్తారా, పెట్టనిస్తే రాజుగారితో ఆట పడుతుందా, పడితే ఎవరు గెలుస్తారు అని గుండె దడదడలాడుతుంది. ఎత్తుకి పైఎత్తు. ఆయన మర్నాడు తలుపులు తీసే వేళకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ‘ఈ శాస్త్రి గారివి ఇంకేమున్నాయండి?’ అక్కణ్ణుంచి ఆయన శ్రీపాద వారి కథలన్నీ చదివి, వాటి మీదుగా ఆయన ఆత్మకథ ‘అనుభవాలూ–జ్ఞాపకాలూనూ’కి వెళ్లారు. ‘ఆత్మకథలు చదవండి’ అని నేను ఒక్కనాడూ చెప్పలేదు. ఆయనకి కావలసింది ఈ కథలు చెప్పిన మనిషి ఎవరో తెలుసుకోవడం. అంటే అదీ ఆరా తీయడమే కదా.

ఇక పుస్తకాలు మీకు ఎందుకు కనపడటం లేదో చెబుతాను. ఇది చాలామందికి తెలియని సంగతి. మన పౌర గ్రంథాలయాల్లో పుస్తకం వీపు మీద ఒక నంబరు ఉంటుంది. డ్యూయీ అనే ఆయన పెట్టిన దశాంశ పద్ధతి అది. తెలుగు సాహిత్యం 894.827. దాని పక్కన 3 చేరిస్తే కథలు, నవలలు. మీరు ఎప్పుడు లైబ్రరీకి వెళ్లినా కాళ్లు నేరుగా ఆ బీరువాకే వెళతాయి. జానపద కథలు అక్కడ ఉండవు! అవి 398లో, సామాజిక శాస్త్రాల వరసలో, పండగలు, ఆచారాల పుస్తకాల పక్కన కూర్చుంటాయి. జీవిత చరిత్రలు 920లో, చరిత్ర, భూగోళాలతో పాటు. సృజన గురించి రాసినవి 153లో, అంటే మనస్తత్వ శాస్త్రంలో. చిత్రకళ 700ల్లో. కథ రాయడం ఎలా అన్నవి 808లో. మీరు అడిగిన మూడు రకాలూ గదిలో తలో మూల ఉన్నాయన్నమాట. పైగా అన్ని చోట్లా ఈ పద్ధతి సరిగ్గా పాటిస్తారనీ చెప్పలేను. ఒకచోట ‘స్వీయచరిత్ర’ అన్న పేరు చూసి చరిత్ర బీరువాలో పెట్టేసిన వాళ్లని చూశాను. అందుకే లైబ్రేరియన్‌ని అడగండి. ‘మంచి పుస్తకం ఇవ్వండి’ అని కాదు, ‘398 ఎక్కడండీ?’ అని. అలా అడిగినవాళ్లకి కుర్చీ వేసి కూర్చోబెట్టే జాతి మాది.

ఈ నంబర్ల గోడలు కూలిపోతే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీలో వయసున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా నేలకొరిగిన రాత్రి. నేనున్న లైబ్రరీ పెంకుటిల్లు. పెంకులు లేచిపోయి బీరువాల్లోకి నీళ్లు దిగాయి. నీళ్లు తీశాక మిగిలిన పుస్తకాల్ని పక్కనున్న బడి వరండాలో తాటాకు చాపల మీద విప్పి ఆరబెట్టాం. వరస లేదు, నంబరు లేదు. వంటల పుస్తకం పక్కన వేమన, వేమన పక్కన కోళ్ల పెంపకం. కరెంటు చాలా రోజులు లేదు. టీవీ లేదు, పని లేదు. ఊళ్లో వాళ్లు వచ్చి ఆ వరండాలో కూర్చుని, చేతికి ఏది తగిలితే అది తిరగేసేవారు. కుట్టుపని చేసుకునే ఒక అమ్మగారు, అంతవరకు వారపత్రిక సీరియల్స్ తప్ప ఇంకోటి ముట్టనావిడ, నండూరి రామమోహనరావు గారి ‘విశ్వరూపం’ చదువుతూ కనపడ్డారు. నక్షత్రాల పుస్తకమండీ అది! ‘చీకట్లో రోజూ ఆకాశమే కదండీ కనపడుతుంది, ఏంటో చూద్దామని’ అన్నారు. పుస్తకాలు ఆరాక బీరువాలకెక్కాయి, నంబర్లూ వచ్చేశాయి. కానీ నేను రిటైరయ్యేదాకా, ఎక్కడ పనిచేసినా గుమ్మం పక్కన ఒక బల్ల వేసి దానిమీద వారానికి ఇరవై పుస్తకాలు కలగాపులగంగా పడేసేవాణ్ణి. తనిఖీకి వచ్చిన ఒక ఆఫీసరు ‘ఇదేంటయ్యా సంతలా’ అన్నాడు. అననివ్వండి. ఇష్యూ రిజిస్టర్లో ఆ బల్ల మీద పుస్తకాలే ఎక్కువ వెళ్లేవి.

మీకు అలాంటి బల్ల దొరక్కపోతే, లైబ్రరీకి వెళ్లినప్పుడల్లా మీది కాని అరలోంచి కళ్లు మూసుకుని ఒకటి తీయండి. ఇంటికి తెచ్చుకోనక్కర్లేదు. నిలబడి రెండు పేజీలు చాలు.

జానపద కథల సంగతి. నిజానికి మీరు చదివిన మొదటి డిటెక్టివ్ కథ ఏదో మీకు గుర్తుందా? నేను చెబుతాను. ఏడు చేపలు ఎండబెట్టారు. ఒకటి ఎండలేదు. ‘చేపా చేపా, ఎందుకెండలేదు?’ గడ్డిమోపు అడ్డొచ్చింది. ‘గడ్డిమోపూ గడ్డిమోపూ, ఎందుకు అడ్డొచ్చావు?’ ఆవు మెయ్యలేదు. అలా పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ దాకా పోయి, చివరికి ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అని అసలు దోషి నిర్భయంగా ఒప్పేసుకుంటుంది. ఇది విచారణ కాకపోతే మరేమిటండీ? ఒక్కో సాక్షీ నేరాన్ని పక్కవాడి మీదకి తోస్తాడు. పరిశోధకుడు విసుగు లేకుండా తర్వాతి గుమ్మం తడతాడు. యుగంధర్ చేసేదీ అదే.

మీ ఇంట్లో పెద్దవాళ్లని ఈ కథ చెప్పమనండి. తర్వాత మీ స్నేహితుల ఇళ్లలో అడగండి. ఒకరింట్లో ఆవుని మేపనివాడు పాలేరు, ఇంకొకరింట్లో గొల్లవాడు. ఒకరింట్లో అవ్వ అన్నం పెట్టలేదు, ఒకరింట్లో అమ్మ. ఎక్కడ మారింది, ఎందుకు మారింది అని మీకు దురద పుట్టిందంటే 398 అర మీదైపోయినట్టే. అక్కడ నేదునూరి గంగాధరం గారి సంకలనాలు దొరికితే వదలకండి. రాజమండ్రి ప్రాంతంలో పల్లెలు తిరిగి పాటలు, పలుకుబళ్లు పోగుచేసిన మనిషి. ‘మిన్నేరు’ ఒకటి. అవి ఎక్కువగా పాటలు కాబట్టి నవలలా ఏకబిగిన చదవబోకండి, విసుగొస్తుంది. రోజుకో రెండు చాలు.

ఏకబిగిన చదవాలంటే మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ ఉన్నాయి. మణిసిద్ధుడనే ఆయన కాశీ వెళుతూ ఒక గొల్ల కుర్రాణ్ణి తోడు తీసుకెళతాడు. ప్రతి మజిలీలోనూ ఆ కుర్రాడు ఏదో వింత చూసి, దీని వెనక కథ చెప్పమని పట్టుబడతాడు. ముందు వింత, తర్వాత దాని గుట్టు. ఇంతకంటే మీకు సరిపడే ఏర్పాటు ఏముంటుంది? ఒక్క హెచ్చరిక: పాత ముద్రణల భాష గ్రాంథికం. కథలోంచి కథ, అందులోంచి ఇంకో కథ పుడుతుంది. దారి తప్పితే కంగారు పడకుండా తర్వాతి మజిలీకి దూకేయండి. నేను రెండో భాగం మధ్యలో దూకినవాణ్ణే.

తీర్థాల్లో అమ్మే పల్చటి పుస్తకాల్ని కూడా చిన్నచూపు చూడకండి. మా అమ్మకి అక్షరాలు నేర్పింది బాలనాగమ్మ లాంటి కథలున్న ఆ పుస్తకాలే. రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య, గొల్లపూడి వీరాస్వామి వంటి పాత ప్రచురణకర్తలు పంచాంగాలతో పాటు ఇలాంటివీ వేసి ఊరూరా పంపేవారు. లైబ్రరీ రిజిస్టర్లో ఎక్కని సాహిత్యం అది. మా చిన్నప్పుడు అంతర్వేది తీర్థానికి వెళ్లి జీళ్లతో పాటు ఒకటి కొనుక్కుని రావడం మామూలు.

ఆత్మకథలకి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే మీ బుద్ధికి ఇదే అసలు ఆటస్థలం. ఒక్క పుస్తకం తీసుకుంటే ఆత్మకథ చప్పగా ఉండొచ్చు. రెండు మూడు పక్కపక్కన పెట్టండి. మనకి ఆ అదృష్టం బాగానే ఉంది. 19వ శతాబ్దం చివరి రాజమండ్రి గురించి వీరేశలింగం పంతులు గారు ‘స్వీయ చరిత్ర’ రాశారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ‘స్వీయచరిత్ర’ రాశారు, ప్రకాశం గారు ‘నా జీవిత యాత్ర’ రాశారు. ఊరు ఒకటి, వీధులు అవే, మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మేష్టారు ఒకరు ఉంటారు. నాటకాల పిచ్చి. ప్రకాశం గారిని చదువుకోసం రాజమండ్రి తీసుకొచ్చింది ఆయనే. ఆయన నాటక సమాజానికి నాటకాలు రాసిపెట్టింది చిలకమర్తి వారు. వేషాలు కట్టిన కుర్రాళ్లలో ప్రకాశం ఒకరు. అంటే ఒకే మేష్టారిని ఒక శిష్యుడి కళ్లతో, ఒక స్నేహితుడి కళ్లతో చూడొచ్చు. అలాగే వీరేశలింగం గారు తన గురించి తాను చెప్పింది చదివి, తర్వాత చిలకమర్తి వారు ఆయన గురించి ఏమన్నారో చూడండి. 1881 డిసెంబరు 11న ఆ ఊళ్లో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి. ఊరు ఊరంతా రెండుగా చీలిన రోజులు. ఎవరు ఏది చెప్పారు, ఏది దాటేశారు అని పెన్సిలు పట్టుకుని చదవండి. చేతిలో పెన్సిలుంటే నిద్ర రాదు.

చదివే వరస మాత్రం ప్రకాశం, చిలకమర్తి, వీరేశలింగం. పంతులు గారిది ముందు తీస్తే భాష బరువుకి మీరు మళ్లీ పదో పేజీలో ఆగిపోతారు. ప్రకాశం గారిది కోర్టు ఫక్కీ, దూకుడు మనిషి. అల్లరి కూడా దాచుకోకుండా చెబుతారు.

అయితే ఒక మాట. ఈ ముగ్గురూ మగవాళ్లు, ముగ్గురూ ఒకే కులం. కేసులో ముగ్గురే సాక్షులు, ముగ్గురూ ఒకే వీధివాళ్లు అయితే మీ యుగంధర్ ఊరుకుంటాడా? కాబట్టి ఇంకా ఇద్దరిని పిలవండి. కోనసీమలో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి ‘పాలేరు నుంచి పద్మశ్రీ వరకు’. అదే గోదావరి, అవే కాలవలు, కానీ గట్టు మీద నుంచి చూసినవాడికీ చేలో నిలబడి చూసినవాడికీ ఎంత తేడా ఉంటుందో అందులో తెలుస్తుంది. రెండో సాక్షి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు, రాజమండ్రి బిడ్డ. ఆవిడ ‘చింతామణ్ అండ్ ఐ’ అని ఇంగ్లీషులో రాశారు. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపిన పిల్ల. అప్పటికి ఆవిడకి పధ్నాలుగేళ్లు.

సృజన గురించి నాదగ్గర పెద్ద జాబితా లేదు, ఉన్నా ఇవ్వను. ‘పది రోజుల్లో మీలోని సృజనని మేల్కొల్పండి’ తరహా అనువాదాలు మా లైబ్రరీకి అట్టపెట్టెల్లో వచ్చేవి. వాటిని తీసుకున్నవాళ్లు రెండోసారి అలాంటిది అడగడం నేను చూడలేదు. నా అభిప్రాయం, తప్పయితే మన్నించండి: చేసినవాడు చేసిన పని గురించి చెప్పిందే పనికొస్తుంది. కాబట్టి 153 అర పక్కన పెట్టి మళ్లీ 920కే రండి. వేదపండితుల ఇంట పుట్టి, సంస్కృతం చదవమంటే తెలుగు మీద మనసు పెట్టుకున్న శ్రీపాద వారు కథకుడు ఎలా అయ్యారో ఆయన జ్ఞాపకాల్లోనే ఉంది. చూపు పోయినా చెప్పి రాయిస్తూ నాటకాలు, నవలలు పూర్తి చేసిన చిలకమర్తి వారిని చదవండి. చేతిలో కాగితం లేకుండా అంత పెద్ద నవలని మనసులో ఎలా మోశాడీ మనిషి అనిపిస్తుంది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారి ‘కోతికొమ్మచ్చి’ అయితే నవ్వుతూ చదివేస్తారు. అందులో రాతా బొమ్మా ఎలా జోడు కట్టాయో పేజీపేజీకీ కనపడుతుంది. కథ లోపలి కీళ్లు విప్పి చూడాలనుకుంటే వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి ‘కథాశిల్పం’ ఉంది. అది చదివాక మీ డిటెక్టివ్ నవలల్ని కూడా కొత్తగా చూస్తారు, కొన్ని నచ్చడం మానేస్తాయి కూడా, ముందే చెబుతున్నాను.

రాజమండ్రి వెళ్లే పని పడితే దామెర్ల రామారావు గారి చిత్రాల గ్యాలరీ చూసి రండి. 28 ఏళ్లైనా నిండకుండానే, 1925లో పోయారాయన. అప్పటి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఈయన్నీ, అడివి బాపిరాజు గారినీ కుర్రతనంలోనే చేరదీశాడు. ఆ బొమ్మలు చూసొచ్చి బాపిరాజు గారి ‘నారాయణరావు’ తీస్తే నవల వేరేగా చదువుకుంటారు.

ఇక డబ్బు సంగతి. కొనకండి, కనీసం మొదటి ఏడాది. మీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఇప్పటికే కడుతున్నారు. దానికి సరిపడా వాడుకోండి. సభ్యత్వానికి చిన్న డిపాజిట్ ఉంటుంది, మానేసినప్పుడు తిరిగి ఇస్తారు. మన చట్టం ప్రకారం రచయిత కన్నుమూశాక 60 ఏళ్లకి హక్కులు తీరిపోతాయి. వీరేశలింగం, చిలకమర్తి, శ్రీపాద ముగ్గురివీ తీరిపోయాయి కాబట్టి నెట్‌లో స్కాన్ ప్రతులు నిక్షేపంగా చదువుకోవచ్చు. ఫోనులో ఆ చిన్నక్షరాలు మాత్రం కళ్లకి శిక్ష. నేను నాలుగు పేజీలు చూసి నచ్చితే అచ్చుప్రతి వెతుక్కుంటాను. పాత కథ ఏ పత్రికలో వచ్చిందో తెలియకపోతే, కాళీపట్నం రామారావు మాష్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉండనే ఉంది.

మధ్యలో ఆపేసిన పుస్తకాల గురించి బెంగ వద్దు. కానీ ఆపిన పేజీ నంబరు, ఎందుకు ఆపారో ఒక్క ముక్కలో ఎక్కడైనా రాసుకోండి. ‘భాష అడ్డొచ్చింది’, ‘పేర్లు ఎక్కువ’, ‘నిద్రొచ్చింది’ అలా. కండక్టరు గారు అదే చేసేవారు, పాత టిక్కెట్టు ముక్కల వెనక. ఆయన పోయాక వాళ్లబ్బాయి వచ్చి లైబ్రరీ పుస్తకం ఒకటి తిరిగిచ్చాడు. ‘చివరకు మిగిలేది’. లోపల టిక్కెట్టు మీద ‘143 పేజీ. మళ్లీ చూడాలి’ అని ఉంది. నేను ట్రాన్స్‌ఫరై వేరే ఊరు వెళ్లాక ఆయన మళ్లీ తీసుకున్నారన్నమాట. నాకు చెప్పలేదు.

‘వడ్లగింజలు’ ఏ సంపుటంలో ఉందని అక్కడి లైబ్రేరియన్‌ని అడగండి, చెబుతారు. వెళ్లేముందు సెలవు రోజు కనుక్కుని మరీ వెళ్లండి. మా రోజుల్లో శుక్రవారం.